ఆ లిస్టు నేను రాయలేను: మా సంఘ కమిటీకి ఒక సండే స్కూల్ టీచర్ బహిరంగ లేఖ

పాస్టరయ్యగారికి, అమ్మగారికి, సెక్రటరీగారికి, ట్రెజరరుగారికి, డీకన్లందరికీ, కమిటీలో ఉన్న అన్నలకూ, ఉన్న ఒక్క అక్కకూ వందనాలు.

మూడు వారాల కిందట ఇదే సంగతి నోట్‌బుక్ కాయితం మీద రాసి సెక్రటరీగారి చేతికే ఇచ్చాను. "చూద్దాంలేమ్మా" అని చొక్కా జేబులో పెట్టుకున్నారు. మొన్న ఆదివారం ప్రకటనల్లో మాత్రం, వేసవి సెలవుల బైబిలు క్లాసులు (వి.బి.ఎస్.) అయిపోగానే సండే స్కూల్ రెండు బ్యాచ్‌లు అవుతుందని, ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఒక గదిలో, తెలుగు మీడియం పిల్లలు ఒక గదిలో కూర్చుంటారని, టీచరుగారు లిస్టులు తయారుచేస్తున్నారని చదివేశారు. నేను తయారుచేయడం లేదు. మీరు ఆ మాట అందరి ముందు అన్నారు కాబట్టి నేనూ అందరి ముందే చెబుతున్నాను. పిల్లల తల్లిదండ్రులు కూడా చదవాలనే ఇలా రాస్తున్నాను. ఎవరినీ చిన్నబుచ్చాలని కాదు. అందుకే సంఘం పేరు, ఊరి పేరు, మనుషుల పేర్లు ఏవీ రాయలేదు. మనకు తెలుసు, చాలు.

లిస్టు రాయడానికి కూర్చోలేదని అనుకోకండి. కూర్చున్నాను. ఆ రాత్రి జాకెట్లు కుట్టడం అయ్యాక రిజిస్టరు ముందు పెట్టుకుని, తెల్లకాయితం మధ్యలో స్కేలుతో గీత కొట్టాను. ఎడమ పక్క ఇంగ్లిష్, కుడి పక్క తెలుగు. రిజిస్టరులో 46 పేర్లున్నాయి. మొదటి పది పేర్లు ఇబ్బంది లేకుండా పడ్డాయి. పదకొండో పేరు దగ్గర చెయ్యి ఆగింది. పదకొండు అక్క, పన్నెండు తమ్ముడు. వాళ్ళ నాన్నకి ఒక్కరి ఫీజు కట్టే శక్తే ఉంది. అందుకని కొడుకుని కాన్వెంటులో వేశాడు, కూతుర్ని మండల పరిషత్ బడిలో ఉంచాడు. మన సంఘంలో ఇలాంటి ఇళ్ళు ఎన్నో మీకు తెలియకపోదు.

ఇంట్లో వాళ్ళు ఏం చేసుకున్నారో అది వాళ్ళిష్టం, నేను మాట్లాడను. ఆ పిల్ల వారానికి ఆరు రోజులు తమ్ముణ్ణి ఆటో ఎక్కించి, తను సంచి తగిలించుకుని నడిచి వెళుతుంది. ఏడో రోజు ఇద్దరూ కలిసి వచ్చి ఒకే చాప మీద కూర్చుంటారు. ఆ గంటలో వాడికి రాని వచనం ఆ పిల్ల అందిస్తుంది, గర్వంగా. ఆ ఒక్క గంట కూడా గీతకి అటొకరు ఇటొకరు కూర్చోమని నా చేత్తో నేనే రాయాలా?

అయినా పట్టుదలగా చివరిదాకా రాశాను. రాశాక చూస్తే అది మీడియం లిస్టులా లేదు. ఎడమ పక్క ఉద్యోగస్తుల పిల్లలు, షాపులవాళ్ళ పిల్లలు. కుడి పక్క కూలికీ, బేల్దారు పనికీ వెళ్ళేవాళ్ళ పిల్లలు. ఒక్కో ఇంటి సంపాదన ఎంతని అడిగి రాసినా అచ్చం ఇదే లిస్టు వచ్చేది. కాయితం చింపేశాను.

అసలు తెలుగు మీడియం అని మీరు ఎవరిని అంటున్నారో కూడా నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఈ మధ్య సర్కారు బడి పిల్లల పుస్తకం ఎవరైనా తెరిచి చూశారా? ఒక పేజీలో పాఠం ఇంగ్లిష్‌లో ఉంటుంది, పక్క పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. రెండు పేజీలూ కలిపి కుట్టిన ఆ పుస్తకం పట్టుకుని తిరిగే పిల్లాణ్ణి మీరు ఏ గదిలో కూర్చోబెడతారు?

మీ బెంగ నాకు తెలియనిది కాదు. టౌనులో పెద్ద చర్చి వచ్చింది. అక్కడ పిల్లలకి ఏసీ గది, గోడ మీద వీడియోలు, గిటారు, ఇంగ్లిష్ పాటలు ఉన్నాయి. మన దగ్గర రేకుల షెడ్డు, రెండు ఫ్యాన్లు. వాటిలో ఒకటి తిరుగుతుంది. రెండేళ్ళలో అయిదు కుటుంబాలు అటు వెళ్ళిపోయాయి. వెళ్ళేటప్పుడు అందరూ చెప్పిన మాట ఒకటే: "మా పిల్లలకి ఆ తెలుగు అర్థం కావట్లేదండీ." కానుకలు తగ్గాయి, మీకు టెన్షన్ పట్టుకుంది. నేను మీ కుర్చీలో ఉన్నా నాకూ పట్టుకునేది. వాళ్ళు చెప్పింది అబద్ధం కూడా కాదు. మన బైబిలు తెలుగు ఈనాటి పిల్లలకి అర్థం కాదు. కాకపోతే అది ఇంగ్లిష్ మీడియం పిల్లలకే అర్థం కావట్లేదని మీరనుకుంటున్నారు. రానియ్యుడి, చేయకుడి, వినుడి అంటే ఇద్దరిదీ ఒకటే చూపు. మా నాయనమ్మకి చదువు రాదు, వేలిముద్ర. కానీ ఆ తెలుగు అంతా ఆవిడకి వచ్చు. అరవై ఏళ్ళు చెవిన పడింది కాబట్టి వచ్చు. ఈ పిల్లలకి నెలకి నాలుగు గంటలే పడుతోంది.

ఈ ఏడు ఫిబ్రవరిలో జరిగింది చెబుతాను. ఇది చదివాక కూడా రెండు బ్యాచ్‌లు కావాలంటే మీ ఇష్టం.

ఆ రోజు బైబిలులో 23వ కీర్తన. కంఠత వాక్యం మొదటి వచనమే, "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు", అందరికీ నోటికి వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెబుతారు. సరే, అర్థం అడుగుదామని "లేమి అంటే ఏంటి?" అన్నాను. కాన్వెంటు పాప ఒకతె చెయ్యెత్తింది. మంచి పిల్ల, ఎప్పుడూ ముందు తనే చెయ్యెత్తుతుంది. "లేవకపోవడం టీచర్" అంది. "నాకు లేమి కలుగదు అంటే నేను లేటుగా లేవను అని." నవ్వు ఆపుకోలేకపోయాను. వెనక వరసలో ఒక పిల్ల మాత్రం నవ్వలేదు. మామూలుగా నోరు విప్పదు. "అది కాదే, బియ్యం డబ్బాలో గ్లాసు వేస్తే అడుగు తగులుద్ది చూడు, అదీ" అంది. షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు కాసేపు. కాన్వెంటు పాప వెనక్కి తిరిగి ఆ పిల్ల వంక చూసింది. ఇద్దరిదీ ఒకే సంఘం. పుట్టినప్పటి నుంచి ఒకే క్రిస్మస్ కేకు తిన్నారు. ఒకరి ఇంట్లో డబ్బా అడుగు తగులుతుందని రెండో పిల్లకి తెలిసింది ఆ రోజే.

తర్వాత కాపరి సంగతి వచ్చింది. మీకు నా ఫ్లానెల్ బోర్డు తెలుసు కదా. జాకెట్ల కటింగులో మిగిలిన ముక్కలతో నేనే బొమ్మలు కత్తిరించి చేసుకున్నది. అందులో కాపరి ముందు ఉంటాడు, గొర్రెలు వెనక వస్తుంటాయి. పదేళ్ళ నుంచి అలాగే అతికిస్తున్నాను. మూడో వరసలో ఒక పిల్లాడున్నాడు, వాళ్ళ తాత జీవాలు కాస్తాడు. వాడు లేచి, "తప్పు టీచర్, కాపరి వెనకాల ఉండాలి" అన్నాడు. ఎందుకురా అంటే, "ముందు నడిస్తే కుంటిది ఎక్కడ ఆగిపోయిందో తెలీదు కదా" అన్నాడు. మరి ముందు ఎవరు నడుస్తారని కాన్వెంటు పాప అడిగింది. "పెద్ద పొట్టేలు. దానికి దారి తెలుసు." ఈనిన గొర్రె పిల్లని ఎలా భుజాన వేసుకోవాలో, ముల్లు దిగితే ఏం చేయాలో, కుక్క వస్తే మంద ఎలా ముద్దగా చుట్టుకుంటుందో వాడు పావుగంట చెప్పాడు. నా ఇంటర్ చదువు ఆ పావుగంటలో దేనికీ పనికిరాలేదు. మంచి కాపరి గొర్రెలకు ముందుగా నడుస్తాడని యోహాను సువార్తలో ఉందని అయ్యగారు అంటారని తెలుసు. ఉంది. ఆ దేశంలో అలా తోలతారేమో, మన మెట్ట పొలాల్లో ఇలా తోలతారు. బోర్డు మీద కాపరిని తీసి వెనక్కి అతికించాను. ఇప్పటికీ వెనకే ఉన్నాడు.

ఆ మరుసటి వారం ఆ పాప తన ఇంగ్లిష్ బైబిలు తెచ్చి, కాపరిని ఏమంటారో వాడికి చూపించింది. స్పెల్లింగు చెప్పింది. "మధ్యలో హెచ్ పలకదు, ఊరికే ఉంటుంది" అంది. "పలకనప్పుడు ఎందుకు పెట్టారు?" అన్నాడు వాడు. దానికి ఆ పాప దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు. కానీ వాడికి ఆ మాట ఇప్పుడు వచ్చు. ఇద్దర్నీ చెరో గదిలో కూర్చోబెడితే, లేమి అంటే లేవకపోవడం అనుకుంటూ ఒకరు పెద్దవుతారు, హెచ్ సంగతి తెలియకుండా ఇంకొకరు పెద్దవుతారు.

జనరల్ బాడీలో సెక్రటరీగారు, ఫారిన్‌లో సండే స్కూల్ ఎలా ఉంటుందో చూడండి, ఎంత స్టాండర్డో అన్నారు. చూద్దాం. అది పుట్టింది ఫారిన్‌లోనే. ఇంగ్లండులో గ్లాస్టర్ అనే ఊళ్ళో 1780లో రాబర్ట్ రైక్స్ అనే పత్రిక యజమాని మొదలుపెట్టాడు. ఆ ఊళ్ళో గుండుసూదుల ఫ్యాక్టరీలుండేవి. పిల్లలు వారంలో ఆరు రోజులు అక్కడ పనిచేసి, ఆదివారం ఒక్కరోజు వీధుల్లో పడి తిరిగేవాళ్ళు. ఆ పిల్లలకి అక్షరాలు నేర్పడానికి పెట్టిందే సండే స్కూల్. బైబిలు చదవాలంటే ముందు చదవడం రావాలి కదా. ఒక ఆడమనిషికి డబ్బిచ్చి, ఆవిడ ఇంట్లోనే మొదలుపెట్టారు. అప్పట్లో పెద్దమనుషులు కొందరు ఊరుకోలేదు. కూలి పిల్లలకి చదువెందుకు, ఆదివారం బడేంటి అని గొడవ చేశారు. అయినా 50 ఏళ్ళు తిరిగేసరికి ఆ దేశంలో 12 లక్షలమందికి పైగా పిల్లలు సండే స్కూళ్ళలో ఉన్నారు. 1876 నాటికి మన దేశంలోనూ ఇండియా సండే స్కూల్ యూనియన్ వచ్చేసింది. అంటే సండే స్కూల్ మొదట కుడి పక్క లిస్టు పిల్లల కోసమే పుట్టింది. ఎడమ పక్కవాళ్ళు తర్వాత వచ్చి కూర్చున్నారు. కూర్చోనివ్వండి, మంచిదే. కానీ ముందు వచ్చినవాళ్ళని వేరే గదికి పంపకండి.

అంత దూరం కూడా వద్దు. ఒంగోలు మనకి బస్సులో గంట. 1860ల్లో అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర అక్కడికి వచ్చిన కొత్తల్లో ఏం జరిగిందో మా నాయనమ్మ కథలా చెప్పేది. తర్వాత పుస్తకాల్లోనూ చదివాను. మిషన్ బడిలో పెద్దకులాల పిల్లలు చదువుతుండేవాళ్ళు. దొర మాదిగవాళ్ళని చేర్చుకుంటున్నాడని తెలిసి, అలాగైతే మా పిల్లల్ని మానిపిస్తామని వాళ్ళు చెప్పేశారు. ఎటూ తోచక దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో ప్రార్థనకి కూర్చుని బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే చోట తెరుచుకుందట. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం, 26వ వచనం నుంచి. మీలో జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశాలవాళ్ళు ఎక్కువమంది పిలవబడలేదనే భాగం. పెద్దకులాల పిల్లలు వెళ్ళిపోయారు. బడి ఖాళీ అయింది. దొర ఖాళీ బడినే ఒప్పుకున్నాడు. పదేళ్ళు పైన గడిచాక, గుంటూరు, నెల్లూరు ప్రాంతాలన్నీ కరువుతో మాడిపోయిన తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన సంఘంలో సగం ఇళ్ళు తాతముత్తాతల లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టి చెప్పుకుంటాయి. వార్షికోత్సవానికి బ్యానరు మీద కూడా ఆ సంఖ్య వేయించాం. ఇప్పుడు మనమేమో టౌను చర్చికి అయిదు కుటుంబాలు పోయాయని వణుకుతున్నాం.

నేను సండే స్కూల్‌కి ఎలా వచ్చానో కమిటీలో కొత్తవాళ్ళకి తెలియదు. 14 ఏళ్ళ కిందట ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో పిల్లల అల్లరి ఎక్కువైంది. అప్పటి పెద్దాయన ఒకరు నా దగ్గరికి వచ్చి, "నువ్వు పాట బాగా పాడతావు కదమ్మా, వీళ్ళని బయటికి తీసుకెళ్ళు, ప్రసంగం వినపడట్లేదు" అన్నారు. నా ట్రైనింగంతా ఆ ఒక్క మాటే. 22 మంది పిల్లలు, ఒక చెట్టు, నేను. నోవహు ఓడ కథ మూడు నిమిషాల్లో అయిపోయింది. ఇంకా నలభై నిమిషాలు మిగిలాయి. ఆ నలభై నిమిషాలు ఎలా గడిచాయో దేవుడికే తెలుసు. ఇప్పటికీ చాలా సంఘాల్లో సండే స్కూల్ టీచర్లని ఇలాగే పట్టుకొస్తారు. గొంతు బాగుండి, పెళ్ళి కాకుండా ఉంటే చాలు. పెళ్ళయి వెళ్ళిపోగానే ఇంకో పిల్లని పట్టుకొస్తారు. పిల్లలు ఒకళ్ళకి అలవాటుపడేలోపు ఇంకొకళ్ళు వస్తారు.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. మొదటి రెండేళ్ళు నేను పిల్లల్ని కొట్టాను. బట్టలు కొలిచే స్కేలే తెచ్చేదాన్ని. బెత్తం వాడనివాడు కొడుకుకి విరోధి అని సామెతల గ్రంథంలో ఉందని ఎవరైనా అంటే ధైర్యంగా ఉండేది. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోనే రాశారు. మన షెడ్డు బడి కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పుడు నా చేతి దెబ్బ తిన్న ఒక అబ్బాయి ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. కనపడితే ఆపి, "ఆ స్కేలు ఇంకా ఉందా టీచర్?" అని నవ్వుతాడు. డబ్బులు తీసుకోడు. నాకు నవ్వు రాదు. వాడికి నేను చెప్పిన ఒక్క కథ కూడా గుర్తు లేదు. అడిగాను.

పిల్లల దగ్గర పని అంటే పాఠం చెప్పడం ఒక్కటే అనుకుంటారు. పాఠం అందులో తేలిక భాగం. కష్టమైనది ఇంకోటుంది. రెండేళ్ళ కిందట జనవరిలో ఏడో తరగతి పిల్ల ఒకతె వరసగా అయిదు ఆదివారాలు రాలేదు. ఆరో వారం వచ్చింది. రంగులు వేయమని క్రేయాన్లు ఇస్తే పట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నాకు రంగులు ఇష్టం లేదు" అంది. రంగులంటే ప్రాణం ఆ పిల్లకి. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. మిరపకోతలు. బడి ఉన్న రోజు బడికి వెళుతోంది, ఆదివారం వాళ్ళమ్మతో చేలోకి వెళుతోంది. వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. ఆ మంట నీళ్ళలో పెడితే ఇంకా ఎక్కువవుతుంది. కొబ్బరినూనె రాసుకుని కూర్చుంటారు. ఇందాక గుండుసూదుల పిల్లల సంగతి చెప్పానే, వాళ్ళకి ఆదివారం సెలవుండేది. ఈ పిల్లకి అదీ లేదు.

వాళ్ళమ్మని నేనేమీ అనలేదు. అనడానికి నేనెవర్ని? ఊరికే కూర్చుని టీ తాగి వచ్చాను. మళ్ళీ వారం వెళ్ళాను. ఆ పై వారం కూడా వెళ్ళాను. నాలుగోసారి ఆవిడే, "ఆదివారం పొద్దున వరకు పంపుతాలేండి, పదకొండు తర్వాత తీసుకుపోతా" అంది. ఆ పిల్ల ఆ ఏడు 31 ఆదివారాలు వచ్చింది. డిసెంబరులో మనం ఇచ్చిన ఫుల్ అటెండెన్స్ బహుమతి స్టీలు టిఫిన్ బాక్సు. అది కారులో వచ్చే ఒక బాబుకి వెళ్ళింది. ఆ బాబు తప్పేమీ లేదు. నిజంగానే ఒక్క వారం మానలేదు. ఆ బహుమతి పెట్టాలని చెప్పింది నేనే. అందుకని ఎవరినీ అనలేను. పోయిన ఏటి నుంచి దాన్ని తీసేశాను. ఎందుకు తీసేశారని మీలో ఒకరు అడిగారు, అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఇదీ కారణం.

ఇంకో సంగతి. ఇది చెప్పడానికి ఇబ్బందిగా ఉంది, అయినా చెప్పాలి. ఇంగ్లిష్ బ్యాచ్‌ని మేడ మీద గదిలో ఒక తమ్ముడు చూసుకుంటాడని అనుకున్నారు. ఆ తమ్ముడు మంచివాడు, ఇంగ్లిష్ బాగా మాట్లాడతాడు. నాకు అతని మీద ఏ అనుమానమూ లేదు. అనుమానంతో సంబంధం లేకుండా, పిల్లలున్న గదిలో పెద్దవాళ్ళు ఇద్దరుండాలి, తలుపు తీసి ఉండాలి. నేనైనా అంతే, అయ్యగారైనా అంతే. దాని వల్ల పిల్లలకి రక్షణ, టీచరుకీ రక్షణ. "మన సంఘంలో అలాంటివి జరగవమ్మా" అన్నారు ఒకరు. జరగవని అందరూ అనుకున్న చోటే ఎవరూ చూడరు. 2012లో పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకోవడానికి పోక్సో చట్టం వచ్చింది. 18 ఏళ్ళలోపు పిల్లల మీద అలాంటిది ఏదైనా జరిగిందని, జరగబోతోందని తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే అదే నేరం. సంస్థని నడిపేవాళ్ళు తమ కింద పనిచేసేవాడి సంగతి తెలిసీ దాచిపెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు. సంఘం పరువు, లోపల మాట్లాడుకుందాం, ప్రార్థన చేద్దాం అనేవి అక్కడ చెల్లవు. ప్రార్థన చేద్దాం, ఫోనూ చేద్దాం. షెడ్డు గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పెద్దగా రాయించమని కిందటేడే అడిగాను. పెయింటు ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. అదీ "చూద్దాం"లోనే ఉంది.

డబ్బు సంగతి ఎలాగూ వస్తుంది కాబట్టి నేనే ఎత్తుతాను. పోయిన క్రిస్మస్‌కి లైటింగుకీ సౌండుకీ 38 వేలు రాశారు. సండే స్కూల్‌కి ఏడాదంతా కలిపి 4 వేలు. అందులో బిస్కెట్లకే 2,600 పోయింది. నేను జీతం అడగడం లేదు. ఎప్పుడూ అడగలేదు, అడగను. మీరు రెండో గదికి ఏసీ, ప్రొజెక్టరు కొనడానికి చందా ఎత్తుదామంటున్నారు కదా. ఆ చందా ఎత్తండి. దాంతో తిరగని ఫ్యాన్ బాగుచేయించండి, రేకుల కింద సీలింగు వేయించండి. మే నెలలో పదింటికే ఆ రేకుల కింద పిల్లలు ఉడికిపోతారు. మిగిలితే ప్రొజెక్టరు కూడా కొనండి, నేను వద్దనను. అందరూ కలిసి చూస్తారు.

విడగొట్టాలి, అది నిజమే. అయిదేళ్ళ పాపకీ పద్నాలుగేళ్ళ అబ్బాయికీ ఒకే పాఠం చెప్పడం నాకూ చేతకావడం లేదు. వయసుని బట్టి విడగొట్టండి. ఆరేళ్ళ లోపువాళ్ళు ఒక చాప, పదేళ్ళ లోపువాళ్ళు ఇంకో చాప, ఆ పైవాళ్ళు మూడో చాప. ఒక్కో చాపకి ఇద్దరు టీచర్లు. ఒకళ్ళకి ఇంగ్లిష్ బాగా వస్తే, ఇంకొకళ్ళకి తెలుగు బాగా రావాలి. మేడ మీద గదికి అనుకున్న తమ్ముణ్ణి పెద్ద పిల్లల చాపకి నాతోపాటు ఇవ్వండి, నాకు ఎంతో సాయం. వచనం రెండు భాషల్లోనూ చెబుతాం, అర్థం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెబుతాం. అలా మూడేళ్ళు అదే టీచర్లు అదే పిల్లలతో ఉండాలి. పిల్లలు ఒక మనిషికి అలవాటుపడి నోరు విప్పడానికే ఏడాది పడుతుంది. బియ్యం డబ్బా సంగతి చెప్పిన పిల్ల నాతో మూడేళ్ళు ఒక్క ముక్క మాట్లాడలేదు. ఏడాదికో టీచరు మారి ఉంటే ఆ మాట ఎవరికీ వినపడేది కాదు.

ఆ ఆరుగురు టీచర్లు ఎక్కడ దొరుకుతారని అడుగుతారు. కమిటీలోనే దొరుకుతారు. రిటైరైన మాస్టర్లు ఇద్దరున్నారు. ముప్పై ఏళ్ళు బడిలో చెప్పినవాళ్ళు. ఆదివారం గంట కూర్చుంటే వాళ్ళకేం బరువు? ఆడపిల్లల పని అని మగవాళ్ళెవరూ ఈ పక్కకి రారు. పన్నెండు దాటిన మగపిల్లలకి చూసి నేర్చుకోవడానికి ఒక మగ టీచరు ఉంటే ఎంత బాగుంటుందో నాకు బాగా తెలుసు. వాళ్ళు నాతో చెప్పుకోలేని మాటలుంటాయి. ఆ వయసులోనే చాప మీద నుంచి లేచి బయట బండ్ల దగ్గర నిలబడటం మొదలుపెడతారు. ఆ తర్వాత మళ్ళీ లోపలికి రారు. టౌను చర్చికి పోయింది అయిదు కుటుంబాలు. మన గేటు దగ్గరే పోగొట్టుకున్న పిల్లలు అంతకంటే ఎక్కువ, కానీ వాళ్ళ పేర్లు ఏ మీటింగులోనూ రావు.

నా మాట కాదని, రెండు బ్యాచ్‌లే అని తీర్మానం చేస్తే, మీ తీర్మానం మీది. ఆ రోజు నుంచి నన్ను సూపరింటెండెంటుగా తీసేయండి, ఏమీ అనుకోను. చాప మీద పిల్లలతో కూర్చోవడానికి పదవి అక్కర్లేదు కాబట్టి కుడి పక్క గదిలో కూర్చుంటాను. ఎడమ గది పిల్లలెవరైనా ఇటు వస్తే మాత్రం వెనక్కి పంపను, ముందే చెబుతున్నాను.

ఈ ఆదివారం పాఠం జక్కయ్య. ఆయన ఎక్కిన మేడిచెట్టు కోసం ఆకుపచ్చ జాకెట్ గుడ్డ కత్తిరించి పెట్టాను. తొమ్మిదిన్నరకి మొదలు. కమిటీ నుంచి ఎవరైనా ఒకరు వచ్చి మొత్తం గంటా కూర్చుని చూడండి. కుర్చీ ఉండదు, చాప మీదే.

రిజిస్టరు ఈ లేఖతోపాటే సెక్రటరీగారి ఇంటికి పంపుతున్నాను. 46 పేర్లూ ఎప్పటిలాగే ఒకే వరసలో ఉన్నాయి. చూసుకున్నాక శనివారం సాయంత్రంలోపు ఎవరితోనైనా తిరిగి పంపించండి. పొద్దున్నే హాజరు వేయాలి.

వందనాలతో,
మీ సండే స్కూల్ టీచర్